పాత డిస్క్ కొత్త కంప్యూటర్‌లోకి: అలాగే బిగించాలా, క్లోన్ చేయాలా, మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలా?

పాత సిస్టమ్‌లోని హార్డ్ డిస్క్ తీసి కొత్త సిస్టమ్‌లో పెడితే విండోస్ లేస్తుందా? విండోస్ 10, 11 అయితే చాలాసార్లు లేస్తుంది. ఎక్స్‌పీ రోజుల్లో వేరే రకం మదర్‌బోర్డుకు మారిస్తే 7బి కోడ్‌తో బ్లూ స్క్రీన్ వచ్చి అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కాసేపు కొత్త పరికరాలను గుర్తించుకుని, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అయి, పాత వాల్‌పేపర్‌తో సహా పాత డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది.

లేచినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. లైసెన్స్ నిలవాలి, డ్రైవర్లు కుదురుకోవాలి, లాగిన్ పనిచేయాలి, ఏడాది తర్వాత కూడా సిస్టమ్ సాఫీగా నడవాలి. అందుకే నా సలహా ముందే చెప్తాను. ఇంట్లో వాడుకునే కంప్యూటర్ అయితే కొత్త డ్రైవ్‌లో కొత్తగా విండోస్ వేసుకోండి, పాత డ్రైవ్‌ను యూఎస్‌బీ కేసింగ్‌లో (డ్రైవ్‌ను బయటి నుంచి తగిలించుకునే డబ్బాలో) పెట్టి ఫైళ్లు తెచ్చుకోండి. బతుకుతెరువు ఆ సిస్టమ్ మీదే ఉండి, అందులోని సాఫ్ట్‌వేర్లను మళ్లీ వేసుకునే దారి లేకపోతే క్లోన్ చేయించండి, అంటే పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్త డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. పాత డిస్క్‌నే ఊడదీసి నేరుగా బిగించడం నా లెక్కలో ఈ రెండింటి తర్వాతే. అది తేలికైన పనే, కానీ మీ దగ్గరున్న ఒకే ఒక్క కాపీ మీద ప్రయోగం చేస్తున్నారన్న సంగతి మరిచిపోకూడదు.

ముందు డిస్క్‌లో ఏముందో చూడండి

చాలామంది మొదట స్పీడ్ గురించి అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది: ఈ డిస్క్‌లో మళ్లీ తెచ్చుకోలేనిది ఏముంది?

ఫొటోలు, పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లు ఎక్కడికైనా కాపీ అవుతాయి. ఆఫీస్, క్రోమ్, వీఎల్‌సీ మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. చిక్కంతా మధ్యలో ఉండే సరుకుతోనే. ఒక డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కంపోజ్ చేసే) షాపు సిస్టమ్‌ను తీసుకోండి. ఆ పనికి వాడే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానితో పాటు తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్లుగా పోగేసిన ఫాంట్లు, పెళ్లికార్డుల టెంప్లేట్లు, పాత ప్రింటర్ డ్రైవర్ ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసిన సీడీ ఎప్పుడో గీతలు పడిపోయి ఉంటుంది, వేసిచ్చిన మనిషి షాపు మూసేసి ఉంటాడు. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ చదవగలిగే అక్షర పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఇక్కడ ఫైళ్లు ఒక్కటే కాపీ చేసుకుంటే సగం పనే అయినట్టు. ఆ సెటప్పే ఆస్తి.

అకౌంట్స్ చూసే ఆఫీసుల్లో ఇదే సమస్య వేరే రూపంలో వస్తుంది. టాలీ లైసెన్స్ కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది. పాత సిస్టమ్ బతికి ఉండగానే టాలీలో లైసెన్స్ సరెండర్ చేసి, కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోవడం పద్ధతి. ఇది మరిచిపోయి డిస్క్ మార్చేస్తే రిటర్నుల గడువు ముందు టెన్షన్ పడాలి. జీఎస్టీకో ఐటీకో వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ అయితే భయం లేదు, సర్టిఫికెట్ ఆ టోకెన్‌లోనే ఉంటుంది. కొత్తగా విండోస్ వేస్తే దాని డ్రైవర్, సంతకం చేయడానికి వాడే యుటిలిటీ మాత్రం మళ్లీ వేసుకోవాలి.

కాబట్టి కాగితం తీసుకుని, వాడుతున్న ప్రతి సాఫ్ట్‌వేర్ పేరు రాసి, పక్కన ఒకే మాట రాయండి: మళ్లీ వేసుకోగలనా, లేదా. ‘లేదు’లు ఒక్కటీ లేకపోతే కొత్త ఇన్‌స్టలేషనే మీ దారి, కింది బాధలేవీ పడనక్కర్లేదు.

డిస్క్‌ను అలాగే బిగించడం

ఇది ఎవరికి సరిపోతుంది? రెండు డెస్క్‌టాప్‌లూ ఈ ఏడెనిమిదేళ్లలోవి అయి, డిస్క్ ఇప్పటికే మంచి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవ్) అయి, విండోస్‌కు అసలు లైసెన్స్ ఉన్నవారికి. ఇంటెల్ నుంచి ఏఎమ్‌డీకి మారినా విండోస్ 10, 11 సాధారణంగా తట్టుకుంటాయి. పాత హార్డ్ డిస్క్ అయితే మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు. సెకనుకు 100, 150 ఎంబీ చదివే డిస్క్‌ను సిస్టమ్ డ్రైవ్‌గా పెట్టి కొత్త ప్రాసెసర్ కొనడం డబ్బు వృథా. సాటా అనే పాత రకం కనెక్షన్‌తో నడిచే ఎస్ఎస్‌డీ 550 దగ్గర ఆగుతుంది, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం కనెక్షన్ ఉన్న మామూలు జెన్ 3 డ్రైవ్ 3,500 దాకా వెళ్తుంది.

మొదటి అడ్డంకి స్లాట్. పాత 2.5 అంగుళాల డ్రైవ్‌కు కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో చోటే ఉండదు. చిన్న పట్టీలా ఉండే ఎం.2 డ్రైవ్‌లు చూడ్డానికి ఒకేలా ఉన్నా సాటావి వేరు, ఎన్‌వీఎంఈవి వేరు. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో సాటా ఎం.2 పెడితే డ్రైవ్ కనిపించదు. పొడవు కూడా చూసుకోవాలి. మామూలుగా దొరికేది 2280, అంటే 80 మిల్లీమీటర్లు. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లు 2242, 2230 సైజులే తీసుకుంటాయి.

రెండోది బూట్ పద్ధతి. పాత సిస్టమ్‌లో స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే బయోస్ మోడ్ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటే మంచిది. లెగసీ అని ఉంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉన్నట్టు. కొత్త మెషీన్లలో చాలావరకు ఆ పాత పద్ధతిలో బూట్ కావు. 2017 నుంచి విండోస్ 10తో పాటు వస్తున్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ డేటా పోకుండా డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతిలోకి మారుస్తుంది. కానీ దానికొక షరతుంది. డిస్క్‌లో లాజికల్ పార్టిషన్లు ఉండకూడదు, ప్రైమరీ పార్టిషన్లు మూడు దాటకూడదు. మన దగ్గర అసెంబుల్ చేసే షాపుల్లో సీ, డీ, ఈ, ఎఫ్ అని విడగొట్టి ఇచ్చే అలవాటు ఎక్కువ కాబట్టి ఈ టూల్ ఇక్కడే మొరాయిస్తుంది. అప్పుడు డీ, ఈలలోని డేటా బయటికి తీసి, ఆ పార్టిషన్లు తొలగించి మళ్లీ ప్రయత్నించాలి. టూల్‌లో ముందుగా తనిఖీ మాత్రమే చేసే ఆప్షన్ ఉంది, అది నడిపి చూశాకే అసలు మార్పు చేయండి. పాత సిస్టమ్ కూడా యూఈఎఫ్ఐలో బూట్ కాగలిగేదైతేనే మార్చాక అందులో పరీక్షించుకోగలరు.

మూడోది ఇంటెల్ 11వ తరం నుంచి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే, డ్రైవ్‌లను ఇంటెల్ పద్ధతిలో నడిపే వీఎండీ సెట్టింగ్. ఇది ఆన్‌లో ఉంటే పాత విండోస్‌కు తన డ్రైవే కనిపించక బ్లూ స్క్రీన్ రావచ్చు. బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే సెట్టింగ్స్‌లో) దాన్ని ఆఫ్ చేస్తే చాలామందికి సమస్య తీరిపోతుంది. అయితే ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉండగా వేసింది. తిరిగి దానికే వెళ్లాలనుకుంటే సెట్టింగ్‌ను మళ్లీ ఆన్ చేయాలి. అప్పటికీ లేవకపోతే రికవరీ మెనూలోంచి ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి రండి. సేఫ్ మోడ్ స్టోరేజీ డ్రైవర్లను మళ్లీ ఎంచుకుంటుంది కాబట్టి ఆ ఒక్కసారితోనే చాలా సిస్టమ్‌లు దారిలోకి వస్తాయి.

నాలుగోది ఎన్‌క్రిప్షన్, అంటే డ్రైవ్‌లోని డేటాకు వేసే తాళం. నిజంగా భయపడాల్సింది దీనికే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ చేసిన ల్యాప్‌టాప్‌లలో, హోమ్ ఎడిషన్‌లో కూడా, డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. విండోస్ 11 24హెచ్2 నుంచి ఇది మరిన్ని కంప్యూటర్లకు వర్తిస్తోంది. డ్రైవ్ తాళం పాత మదర్‌బోర్డులోని టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ దగ్గర లేక, పాత సిస్టమ్ కూడా పోయి ఉంటే డేటా పోయినట్టే, దాన్ని ఏ షాపూ తెరవలేదు. పాత సిస్టమ్ పనిచేస్తుండగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డిక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. అయినా ఒకసారి వెబ్‌సైట్‌లో లాగిన్ అయి చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. నాలుగంకెల పిన్‌తో రోజూ లాగిన్ అయ్యేవారికి కొత్త మెషీన్‌లో ఆ పిన్ పనిచేయదు, ఎందుకంటే అదీ పాత చిప్‌కే ముడిపడి ఉంటుంది. పిన్ మళ్లీ పెట్టుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, కొత్త వైఫై కార్డుకేమో ఇంకా డ్రైవర్ ఉండదు. కాబట్టి డ్రైవ్ తీసే ముందే పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ తయారు చేసి పెట్టుకోండి. లోపలికి వచ్చాక ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే మామూలుగా ఏ డ్రైవరూ లేకుండానే నెట్ వస్తుంది.

ఇక లైసెన్స్. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం విండోస్ ఆ మదర్‌బోర్డుకే పరిమితం. విడిగా కొన్న రీటైల్ కీని మార్చుకోవచ్చు. పాత సిస్టమ్‌లో ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ చేసి ఉంటే, కొత్తదాంట్లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ మార్చానని చెప్పే ఆప్షన్ నొక్కితే సరిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో విండోస్ వచ్చి ఉంటే దాని కీ బయోస్‌లోనే ఉంటుంది. పాత డ్రైవ్‌లోనిది కూడా అదే ఎడిషన్ అయితే సాధారణంగా తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ కొన్న ల్యాప్‌టాప్‌లో ప్రో ఉన్న డ్రైవ్ పెడితే అవ్వదు. ఇంటి సిస్టమ్‌లో లైసెన్స్ రకం వాల్యూమ్, కేఎంఎస్ (పెద్ద సంస్థలకు ఇచ్చే రకం) అని చూపిస్తుంటే మాత్రం షాపువాళ్లు వేసిచ్చింది అసలు కాపీ కాకపోయే అవకాశమే ఎక్కువ. అలాంటి విండోస్‌ను కొత్త కంప్యూటర్‌లోకి మోసుకెళ్లకండి. యాక్టివేషన్ కోసం వేసిన ఆ చిన్న ప్రోగ్రాంలో ఇంకేం ఉందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

తీసే ముందు ఒక చివరి పని. మామూలు షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. అలా ఆపాకే డ్రైవ్ తీయండి.

క్లోన్ చేయడం

పైన చెప్పిన బయోస్ మోడ్, ఎన్‌క్రిప్షన్, పిన్, లైసెన్స్ బాధలన్నీ క్లోన్‌కూ ఉంటాయి. అయినా డిస్క్‌ను అలాగే బిగించడం కంటే నేను దీన్నే ముందు పెడతాను, కారణం ఒకటే: కొత్త డ్రైవ్‌లో ఎంత చెడినా పాత డ్రైవ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని మళ్లీ పాత సిస్టమ్‌లో పెట్టుకుని ఆ రోజు పని గడుపుకోవచ్చు. పైగా పాత హార్డ్ డిస్క్ నుంచి ఎన్‌వీఎంఈకి మారడం వల్ల స్పీడ్ కూడా వస్తుంది.

టూల్స్‌లో క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మదగినది, కానీ తెర చూస్తే కొత్తవారికి భయమేస్తుంది. అదే పనిని బొమ్మల మెనూలతో చేసేది రెస్క్యూజిల్లా. శాంసంగ్, క్రూషియల్, డబ్ల్యూడీ డ్రైవ్ కొంటే వాటి కంపెనీ ఇచ్చే టూల్ చాలు. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌ను 2024 జనవరితో ఆపేశారు కాబట్టి పాత వీడియోలు చూసి దానికోసం వెతకొద్దు.

క్లోన్ మొదలుపెట్టే ముందు పాత డిస్క్ ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే రంగుతోనే చెప్పేస్తుంది. పెండింగ్ సెక్టార్లు, రీఅలొకేటెడ్ సెక్టార్లు (డిస్క్‌లో పాడవుతున్న, పాడైన చోట్లు) పెరుగుతూ పసుపు రంగు చూపిస్తుంటే క్లోన్ ఆలోచన పక్కన పెట్టి, ముందు అతి ముఖ్యమైన ఫోల్డర్లను కాపీ చేసుకోండి. పాడవుతున్న డిస్క్‌ను మొత్తం చదివించడమంటే దాని మిగిలిన ఆయుష్షును అక్కర్లేని వాటి మీద ఖర్చు పెట్టడమే.

క్లోన్ అయ్యాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ తగిలించి ఉండకూడదు. రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి విండోస్ తికమకపడి ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది, లేదా మీకు తెలియకుండా పాతదాన్నే బూట్ చేస్తుంది. పెద్ద డ్రైవ్‌కు మారినా సీ డ్రైవ్ పెరగకపోతే, మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉందేమో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లో ఉన్న డ్రైవ్ మీదికే క్లోన్ చేస్తుంటే దాని ఫ్యాక్టరీ విండోస్ చెరిగిపోతుంది. ముందే ఒక పెన్ డ్రైవ్‌లో రికవరీ మీడియా తయారు చేసుకోవాలి.

కొత్తగా వేసుకోవడం

దీని లాభం వివరించనక్కర్లేదు. ఏళ్ల చెత్త రాదు, పాత బ్రాండ్ యుటిలిటీలు రావు, డ్రైవర్ల గొడవ ఉండదు. నష్టం మీ సమయం, ఇంకా మరిచిపోయే వస్తువులు. మరిచిపోయేవి దాదాపు అందరికీ ఒకటే: విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్, ఔట్‌లుక్ మెయిళ్లుండే పీఎస్‌టీ ఫైలు, టాలీ కంపెనీ డేటా ఫోల్డర్, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు. విండోస్ 10 2018 అప్‌డేట్ తర్వాత ఒక్క యూజర్‌కే వేసిన ఫాంట్లు ఆ యూజర్ యాప్‌డేటాలో దాక్కుంటాయి. డీటీపీవాళ్లు అక్కడా చూడాలి. క్రోమ్ ఫోల్డర్‌ను మొత్తం కాపీ చేసి తెచ్చుకున్నా పాస్‌వర్డ్‌లు తెరుచుకోవు, అవి పాత విండోస్ యూజర్‌కు ముడిపడి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. గూగుల్ అకౌంట్‌తో సింక్ చేయడమో, ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమో ముందే చేయాలి. వన్‌డ్రైవ్ వాడేవారికి ఇంకో హెచ్చరిక: మేఘం గుర్తున్న ఫైళ్లు పాత డిస్క్‌లో పేరుకే ఉంటాయి, అసలు ఫైలు ఆన్‌లైన్‌లో ఉంటుంది.

పాత డ్రైవ్‌కు కేసింగ్ కొనేటప్పుడు రకం చూసి కొనండి. 2.5 అంగుళాల సాటా కేసింగ్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఎన్‌వీఎంఈ కేసింగ్ అంతకంటే ఖరీదు. 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్క్‌కు విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల డ్రైవ్‌ను వెంట తీసుకెళ్లి చూపిస్తే సరైనదే ఇస్తారు.

డిస్క్‌లో ఉన్నది విండోస్ 7 అయితే

దీన్ని కొత్త కంప్యూటర్‌లో నేరుగా లేపే ప్రయత్నం మానుకోండి. ఇంటెల్ 6వ తరం నుంచే యూఎస్‌బీ డ్రైవర్ లేక కీబోర్డు, మౌస్ పనిచేయవు. ఎన్‌వీఎంఈ మద్దతు దానంతట దానికి లేదు. 2020 జనవరి 14తో సెక్యూరిటీ అప్‌డేట్లూ ఆగిపోయాయి. కానీ డీటీపీ షాపులో అసలు ఆస్తి ఇందులోనే ఉండవచ్చు కదా. దానికి మంచి దారి వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న టూల్, నడుస్తున్న పాత సిస్టమ్ మొత్తాన్ని ఒక ఫైలుగా మారుస్తుంది. ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో తెరిస్తే పాత డెస్క్‌టాప్ ఒక విండోలో నడుస్తుంది. వర్చువల్‌బాక్స్ కోసమైతే వీహెచ్‌డీఎక్స్ టిక్ తీసేసి మామూలు వీహెచ్‌డీ ఎంచుకోండి. దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి, పీడీఎఫ్‌గా బయటికి తీసి కొత్త విండోస్ నుంచి ప్రింట్ ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ డాంగుల్ (లైసెన్స్ కోసం తగిలించే చిన్న పరికరం) ఉంటే, అది వర్చువల్ మెషీన్‌లో పనిచేస్తుందో లేదో చూశాకే పాత సిస్టమ్‌ను పక్కన పెట్టండి. కొన్ని డాంగుల్‌లు ఒప్పుకోవు.

విండోస్ 10 డిస్క్ అయితే ఇంత కష్టం లేదు గానీ, 2025 అక్టోబర్ 14తో దాని మామూలు మద్దతు ముగిసింది. మార్చాక 11కి అప్‌గ్రేడ్ చేసుకోవడం కూడా పనిలో భాగంగానే లెక్కేసుకోండి.

లినక్స్ వాడేవారికి ఈ వ్యాసంలో సగం అవసరం లేదు. డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి కాబట్టి డ్రైవ్ తీసి పెడితే సాధారణంగా నడుస్తుంది. బూట్ ఎంట్రీ పాత మదర్‌బోర్డు మెమరీలో ఉండిపోతుంది కాబట్టి లైవ్ పెన్ డ్రైవ్‌తో గ్రబ్ అనే బూట్ ప్రోగ్రాంను మళ్లీ వేయాల్సి రావచ్చు. ఇప్పటి మ్యాక్‌లలోనైతే స్టోరేజీ ఆ చిప్‌కే ముడిపడి ఉంటుంది, ఊడదీసి మార్చే ప్రశ్నే లేదు. మైగ్రేషన్ అసిస్టెంట్ ఆ పనిని శుభ్రంగా చేస్తుంది.

పాత సిస్టమ్ ఇప్పటికే పోయి ఉంటే

మదర్‌బోర్డు కాలిపోయాక ఈ ప్రశ్న అడిగేవారే ఎక్కువ. లైసెన్స్ సరెండర్ చేయడం, ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయడం, లోకల్ అకౌంట్ పెట్టుకోవడం, వీటన్నిటికీ సమయం దాటిపోయింది. ఇక్కడ తొందరపడి డ్రైవ్‌ను కొత్తదాంట్లో బిగించి బూట్ చేయకండి. ముందు కేసింగ్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలించండి. తాళం గుర్తు కనిపిస్తే అకౌంట్‌లోంచి 48 అంకెల కీ తెచ్చి తెరవండి. యూజర్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదని వస్తుంది, కంటిన్యూ నొక్కితే మామూలుగా తెరుచుకుంటుంది. ముఖ్యమైనవన్నీ కాపీ అయ్యాక, వీలైతే మొత్తం డిస్క్‌ను ఇమేజ్‌గా (ఒకే ఫైలు రూపంలో కాపీగా) తీసి పెట్టాక, అప్పుడు ఆ కాపీతో క్లోన్ ప్రయత్నించండి. టాలీ లైసెన్స్ రీసెట్ కోసం మీకు అమ్మిన పార్ట్‌నర్‌ను సంప్రదించండి.

ఏ దారి ఎంచుకున్నా పాత డ్రైవ్‌ను వెంటనే ఫార్మాట్ కొట్టి వాడేసుకోవద్దు. కొన్ని ఫైళ్లు ఏడాదికి ఒక్కసారే గుర్తొస్తాయి. ఐటీ రిటర్ను, వార్షిక జీఎస్టీ రిటర్ను ఒక విడత కొత్త సిస్టమ్‌లో పూర్తయ్యేదాకా దాన్ని పేరు, తేదీ రాసి పక్కన ఉంచండి. అది ఎస్ఎస్‌డీ అయితే ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పెట్టి బ్యాకప్ అనుకోకూడదు, అందులోని డేటా నెమ్మదిగా చెరిగిపోవచ్చు. తర్వాత ఎవరికైనా ఇచ్చేటప్పుడు హార్డ్ డిస్క్‌ను క్విక్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి, ఎస్ఎస్‌డీనైతే దాని కంపెనీ టూల్‌లో ఉండే సెక్యూర్ ఎరేజ్‌తో చెరపండి.